మీరు చేసిన ఒక తప్పు గురించి చెప్పండి

పదకొండుకి రమ్మంటే పదింబావుకే వచ్చి కూర్చున్నాను, నా బుద్ధి అంతే, ఇంకా ముప్పావుగంట ఈ పరుపుల వాసన పీల్చాలి. ఇంటర్వ్యూకి వచ్చినవాళ్ళని కూర్చోబెట్టడానికి హాస్టళ్ళ ఆఫీసులో ఇంతకన్నా మంచి చోటు దొరకలేదు కాబోలు. సందర్శకుల గదిని ప్లైవుడ్ చెక్కతో రెండు చేసి ముందు సగంలో ఇంటర్వ్యూ పెట్టారు, వెనక సగం స్టోరు, గోడకి నిలబెట్టిన పాత పరుపులు, చేతులు విరిగిన కుర్చీలు, వాటి మధ్య నేను, నా ఒళ్ళో ఫైలు. ఫైల్లో పన్నెండేళ్ళ ఉద్యోగం ఉంది. శిక్షణ తరగతుల సర్టిఫికెట్లు పద్నాలుగు, ప్రశంసాపత్రం ఒకటి. ఆ ఒక్కదాన్ని అన్నిటికన్నా పైన పెట్టమని నిన్న పెద్దమేడమ్ ఫోను చేసి మరీ చెప్పింది. పెద్దమేడమ్ అంటే మా చీఫ్ వార్డెన్, ఈ నెలాఖరుకి రిటైరవుతోంది, ఆవిడ కుర్చీ కోసమే ఇవాళ ఈ తతంగమంతా. చివరికి మిగిలింది ఇద్దరం. రెండోవాడు లోపలికి వెళ్ళి అయిదు నిమిషాలైంది. మగపిల్లల బ్లాకు వార్డెన్, మా హాస్టలు అమ్మాయిలు వాడికి ఇస్త్రీ అని పేరు పెట్టారు, ఏ వేళప్పుడు చూసినా చొక్కా మడత నలగదు. నా దగ్గరే పని నేర్చుకున్నాడు. లోపలికి వెళ్తూ నా వైపు వంగి, "అక్కా, నువ్వుండగా నాకెలాగూ రాదు, ఏదో అలవాటు కోసం వచ్చాను" అన్నాడు. నంగనాచికి ఎంత వినయమో.

వాడి సంగతేమో గానీ నాకు మాత్రం రావాలి. రాకపోతే ఇప్పుడున్న కుర్చీ కూడా ఉండదు. బ్లాకు వార్డెన్‌గా పన్నెండేళ్ళకి మించి ఉండకూడదని మా రూలు, పైకైనా వెళ్ళాలి, బయటికైనా వెళ్ళాలి, నా పన్నెండో ఏడు వచ్చే నెల నిండుతుంది. ఉద్యోగంతో పాటు ఇల్లూ పోతుంది, ఎందుకంటే మా ఇల్లు హాస్టల్లోనే, కింది అంతస్తులో రెండు గదులు, వంటింటి కిటికీలోంచి చూస్తే సైకిళ్ళ స్టాండు. ఆడపిల్లల హాస్టలు కాబట్టి మగవాళ్ళెవరొచ్చినా గేటు దగ్గర రిజిస్టర్లో రాయాలి, మా ఆయన కూడా రాయాల్సిందే. పన్నెండేళ్ళుగా ఆ మనిషి తన ఇంటికి తను రావడానికి రోజూ సాయంత్రం పేరు, టైము, సంతకం. వచ్చిన పని అన్న గడిలో మొదట్లో "ఇల్లు" అని రాసేవాడు, తర్వాత "భోజనం" అని, ఒకసారి నా మీద కోపమొచ్చి "సంసారం" అని రాశాడు, ఆ పేజీ చూసి అమ్మాయిలు వారం రోజులు పడీ పడీ నవ్వారు. మా పిల్లకి రెండేళ్ళు నిండుతుండగా వచ్చాం ఇక్కడికి. మూడొందలమంది అక్కల మధ్య పెరిగింది, ఎవరు పరీక్ష తప్పారో ఎవరి ప్రేమ బెడిసిందో నాకన్నా ముందు దానికే తెలుస్తుంది. పొద్దున నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే గుమ్మంలో నిలబడి, "అమ్మా, క్యాంటీన్ వాళ్ళ దగ్గర ఖాళీ అట్టపెట్టెలున్నాయట, అడిగి ఉంచనా?" అంది. మధ్యాహ్నం దాకా ఆగమన్నాను. బ్యాగు తగిలించుకుని బడికి వెళ్ళింది.

అసలు ఈ ఉద్యోగంలో చేరినప్పుడు నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న, పిల్లలంటే ఇష్టమేనా అని. ఇష్టమేనండి అన్నాను. ఇల్లు కట్టబెట్టే ఉద్యోగం ఇంకెక్కడ దొరుకుతుంది, రాళ్ళంటే ఇష్టమేనా అని అడిగినా అవుననేదాన్నే. కానీ ఇష్టం నిజంగానే కలిగింది, అది అబద్ధం కాదు. జ్వరాలకి మాత్రలు, గొడవలకి రాజీలు, తాళంచెవులు పోగొట్టుకున్నవాళ్ళకి తిట్లు, వెళ్ళిపోయేటప్పుడు కౌగిలింతలు. ఆ పని బాగానే ఉండేది. ఎదగడం మొదలుపెట్టాకే కంపు కొట్టింది. ఎదగాలంటే పని చేస్తే చాలదట, చేసిన పనిని చెప్పడం రావాలట, దానికి తరగతులు, దానికి సర్టిఫికెట్లు. మెడలో ఐడీకార్డు వేలాడేసుకుని ఒకాయన వచ్చి బోర్డు మీద మూడు డబ్బాలు గీశాడు. పరిస్థితి ఏమిటి, మీరేం చేశారు, ఫలితమేమిటి. ఏ పిల్ల ఏడుపైనా సరే ఈ మూడు డబ్బాల్లో పట్టేలా కుదించి, రెండు నిమిషాల్లో చెప్పాలి, ఫలితం దగ్గర గొంతు కాస్త తగ్గించాలి. మేమంతా నోట్‌బుక్కుల్లో రాసుకున్నాం. టీ టైములో వార్డెన్లు ఒకళ్ళనొకళ్ళు అడగడం నా చెవులారా విన్నాను, "ఈ ఏడాది నీకేమైనా మంచి కేసు తగిలిందా?" అని. మంచి కేసంటే ఏమిటి, ఒక పిల్ల తిండి మానేయడం, ఒక పిల్ల తండ్రి పోవడం. నాకేమీ తగల్లేదు, అన్నీ చిల్లరవే అని ఒకావిడ నిట్టూర్చింది. అక్కడే టీ పారబోసి లేచి వచ్చేయాల్సింది. నేనేం చేశానంటే, నావి లెక్క చూసుకున్నాను.

ఆ తర్వాత ఫ్యాషన్ మారింది. ఎంతమందిని ఉద్ధరించారు అని అడగడం మానేసి, మీరు చేసిన ఒక తప్పు గురించి చెప్పండి అని అడగడం మొదలుపెట్టారు. దానికీ తరగతి పెట్టారు. తప్పు మరీ పెద్దదై ఉండకూడదు, మరీ చిన్నదైనా నమ్మరు, చివర్లో నేర్చుకున్న పాఠం ఉండాలి. ఇక చూడాలి మా వాళ్ళ తప్పులు. నాకు విశ్రాంతి తీసుకోవడం తెలియదండి. పిల్లల బాధ నా బాధ అనుకుంటానండి, అదే నా బలహీనతండి. ఛీ, వినలేక చచ్చేవాళ్ళం, వింటూ తల ఊపేవాళ్ళం. నేను కూడా ఒకటి తయారుచేసి పెట్టుకున్నాను, ఇదిగో ఇప్పుడు కూడా నోట్లో నానుతూనే ఉంది, కొత్తలో నేను అన్ని పనులూ నా నెత్తినే వేసుకునేదాన్నండి, తోటివాళ్ళకి అప్పగించడం తర్వాత నేర్చుకున్నానండి అని. దాన్ని పదిసార్లు వల్లె వేసుకుని వచ్చాను. అసలు తప్పు ఫైల్లో ఉంది, ప్రశంసాపత్రం రూపంలో, అన్నిటికన్నా పైన.

రెండేళ్ళ కిందటి మాట. ప్రతి శుక్రవారం గదుల తనిఖీ. పద్ధతేమిటంటే, మూడుసార్లు తలుపు కొట్టాలి, వార్డెన్ అని చెప్పాలి, పలకకపోతే మా దగ్గరున్న తాళంచెవితో తెరిచి చూడాలి, ప్లగ్గులు, కిటికీ, లోపల మనిషి, అన్నీ చూసి కాగితంలో ఆ గది ఎదురుగా టిక్కు పెట్టాలి. అంతస్తుకి నలభై రెండు గదులు. ఆ రోజు పదింటికి నాకు తరగతి ఉంది, వృత్తిలో పైకి రావడమెలా అని, ఆలస్యంగా వస్తే సర్టిఫికెట్టు ఇవ్వమన్నారు. తొమ్మిదీ యాభైకి ఆ తలుపు దగ్గరున్నాను. మూడుసార్లు కొట్టాను, అదైనా చేశాను. పలకలేదు. తలుపు కింది సందులోంచి ఫ్యాను గాలి నా పాదాలకి తగులుతోంది, చెప్పుల్లో వేళ్ళకి చల్లగా. పిల్ల పడుకుంది, పడుకోనీ పాపం, పరీక్షల కోసం చదివి అలిసిపోయి ఉంటుంది అనుకున్నాను. నాకు నేనే ఎంత మంచిదాన్నిగా అనిపించానో ఆ క్షణాన. తాళంచెవి చేతిలోనే ఉంది. టిక్కు పెట్టి వెళ్ళిపోయాను, ముందు వరసలో సీటు దొరికింది.

లోపల ఆ పిల్ల అపెండిక్స్ పగిలి నేల మీద పడి ఉంది. రాత్రి నుంచీ ఉంది. మర్నాడు సాయంత్రం వేరే హాస్టల్లోని స్నేహితురాలు ఫోను తీయడం లేదని గేటుకి కబురు చేస్తే, అప్పుడు పరిగెత్తి తెరిచాను. ఆ గదిలో ఏం చూశానో, ఏ వాసన వచ్చిందో నేను ఎవరికీ చెప్పను, మూడు డబ్బాల్లో దానికి చోటు లేదు. బతికింది. మూడు ఆపరేషన్లు, చదువు ఆగిపోయింది, మళ్ళీ రాలేదు. ఆ రోజే పెద్దమేడమ్ నన్ను పిలిచి తలుపు వేసి, రిపోర్టు కాగితం నా ముందు పెట్టి, "శుక్రవారం నువ్వు తెరిచి చూశావు, పిల్ల బాగానే ఉంది, జబ్బు తర్వాత చేసింది. అంతేగా?" అంది. "అంతేగా?" అంది మళ్ళీ. మూడోసారి అడగనివ్వకుండా రాశాను. నాలుగు నెలలకి వార్షికోత్సవంలో, సకాలంలో స్పందించి విద్యార్థిని ప్రాణం కాపాడినందుకు అని చదివి, దండ వేసి ఆ కాగితం ఇచ్చారు. చప్పట్లు కొట్టారు. దండ ఇంటికి తెచ్చి ఎక్కడ పడేయాలో తెలియక బకెట్లో వేశాను, మా పిల్ల తీసి తలుపుకి కట్టింది.

ఆసుపత్రిలో ఆ పిల్ల తల్లి నా రెండు చేతులూ పట్టుకుని, "మీరు లేకపోతే మా పిల్ల లేదమ్మా" అంది. నేను చేతులు లాక్కోలేదు. ఆవిడ నీళ్ళు తేవడానికి వెళ్ళాక ఆ పిల్ల మంచం మీంచి నెమ్మదిగా అంది, "మీరు తలుపు కొట్టడం వినిపించింది మేడమ్. లేవలేకపోయాను. సారీ."

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. మిగతాదంతా ఒకరికి చెప్పాను. కొత్త వార్డెన్లకి మా దగ్గర ఒక శిక్షణ ఉంది, మూసిన తలుపు శిక్షణ అంటాం. పాతవాళ్ళం గదుల్లో దూరి ఒకరు తాగినట్టు, ఒకరు ఏడుస్తున్నట్టు, ఒకరు గొడవపడుతున్నట్టు నటిస్తాం, కొత్తవాళ్ళు వచ్చి తలుపు కొట్టి ఎలా మాట్లాడాలో నేర్చుకుంటారు. ఏడవడంలో నాకు మంచి పేరుంది, నేను ఏడిస్తే నిజం ఏడుపే అనుకుంటారు. పోయినేడు నా చేతికి చీటీ ఇచ్చారు, జబ్బుపడి పలకలేని విద్యార్థిని అని. సరే అని నేల మీద పడుకున్నాను. ఇస్త్రీ వచ్చి తలుపు కొట్టాడు, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. లోపలివైపు నుంచి ఆ చప్పుడు అంత పెద్దదని నాకు తెలియదు. వాడు తెరిచి, పద్ధతి ప్రకారం అన్నీ అడిగాడు, బాగా చేశాడు, అయిపోయిందక్కా లే అన్నాడు. లేవలేకపోయాను. వాడు అందరినీ పంపించేసి నా పక్కన నేల మీద కూర్చున్నాడు, ఆ ఇస్త్రీ ప్యాంటుతోనే. అప్పుడు చెప్పేశాను. టిక్కు, తరగతి, ఫ్యాను గాలి, రిపోర్టు, అన్నీ. వాడు కళ్ళు తుడుచుకున్నాడు. "ఇది నాలోనే ఉంటుందక్కా" అన్నాడు. నాకు ఎంత తేలికైందో, ఆ రోజు ఇంటికి వచ్చి ఏడాది తర్వాత కడుపునిండా తిన్నాను.

ప్లైవుడ్ చెక్కకి అవతల చైర్మన్ గారి గొంతు, ఏదో ప్రొఫెసరు ఆయన, గొంతులోనే పాఠం ఉంటుంది, "మీరు చేసిన ఒక తప్పు గురించి చెప్పండి" అన్నారు. ఇప్పుడు వీడు ఏం చెప్తాడో నాకు తెలుసు, నేనే చూసి దిద్దాను, ఫారాలు ఆలస్యంగా పంపాను, తర్వాత క్యాలెండర్ పెట్టుకున్నాను అని. "ఇది చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించాను సార్" అన్నాడు. గొంతు తగ్గించాడు. ఇక్కడికి రాకముందు పనిచేసిన చోట సార్, ఒక అబ్బాయి సార్, గదుల తనిఖీ సార్. నేను పరుపుల మధ్య బిగుసుకుపోయాను. పిల్లని పిల్లాణ్ణి చేశాడు, ఊరు మార్చాడు, మిగతాదంతా ముక్క పోకుండా అప్పచెప్తున్నాడు. మూడుసార్లు కొట్టాను సార్. తాళంచెవి చేతిలోనే ఉంది సార్. "తలుపు కింది నుంచి ఫ్యాను గాలి నా పాదాలకి తగిలింది సార్. పడుకున్నాడులే అనుకున్నాను."

నా పాదాలు. ఛీ, నా పాదాలు అవి, వీడివి కాదు. చీర కింద వేళ్ళు ముడుచుకుపోయాయి, అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో తెలిసింది. ఆ అబ్బాయి బతికాడు సార్, నేనే వెళ్ళి నా పై అధికారికి నిజం చెప్పాను సార్, ఆ రోజు నుంచి ఒక్క తలుపు కూడా తెరవకుండా వదల్లేదు సార్. చూశారా, నేను చేయనిది కూడా వాడు చేసేశాడు. వాడికేం, ఆ చోట వాడు పనిచేసిందే ఎనిమిది నెలలు, ఎవరు వెళ్ళి అడుగుతారు, వాడి తప్పుకి కాగితం లేదు. నా తప్పుకి ఉంది, నా సంతకంతో. నేను ఇదే మాట చెబితే దొంగ రిపోర్టు రాసినదాన్ని, వాడు చెబితే నిజాయితీపరుడు. బయటి నుంచి పిలిచిన నిపుణురాలట, ఆవిడ గొంతు కాస్త బొంగురుపోయింది, థాంక్యూ అంది. ఆ తర్వాత పెద్దమేడమ్ గొంతు వినిపించింది. ఆవిడకి తెలుసు. ఆ తలుపు తెరవనిది ఎవరో ఈ హాస్టళ్ళలో తెలిసిన మూడో మనిషి ఆవిడే. "ఇలా చెప్పడానికి చాలా ధైర్యం కావాలి బాబూ" అంది.

ఏం చేయాలి ఇప్పుడు. లోపలికి వెళ్ళి అన్ని పనులూ నెత్తినేసుకున్న కథ చెబితే వాడి ముందు వెలవెలబోతాను. తిక్క రేగి అది నాది అంటే పిచ్చిది అనుకుంటారు, పోటీ పడలేక ఏడుస్తోంది అంటారు. అప్పుడే గుర్తొచ్చింది, వాడి దగ్గర లేనిది నా దగ్గర ఒకటుంది. వినిపించింది మేడమ్, లేవలేకపోయాను, సారీ. ఆ మాట వాడికి తెలియదు. నా అసలు తప్పు నేనే మూడు డబ్బాల్లో పెట్టి, చివర ఈ మాట చెప్పి ఆపితే, అబ్బో, ఆ నిపుణురాలు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటుంది, వాడిది తేలిపోతుంది. ఎక్కడ ఆగాలో కూడా చూసుకున్నాను, లేవలేకపోయాను దగ్గర ఒక్క క్షణం. సారీని చాలా మెల్లగా. పెదాలు కదుపుతున్నానని పక్కనున్న పాత అద్దంలో కనిపించింది. ఇస్త్రీని తిడుతున్న నోటితోనే నేల మీద పడి ఉన్న పిల్ల మాటని రిహార్సల్ చేస్తున్నాను. వాడు నా దగ్గర పని నేర్చుకున్నాడని ఊరికే అనలేదు. ఇంత అసహ్యం నాకు ఎప్పుడూ, ఎవరి మీదా వేయలేదు.

తలుపు తెరుచుకుంది. ఇస్త్రీ వచ్చాడు, నన్నూ నా వెనక చెక్కనీ చూశాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. "అక్కా, ఏదో నోటికొచ్చింది, అలా వచ్చేసింది" అన్నాడు. లేచి లోపలికి వెళ్ళాను.

ముగ్గురూ నవ్వారు. మంచినీళ్ళు ఇచ్చారు. పెద్దమేడమ్ నా ఫైలు తెరిచి ప్రశంసాపత్రం చైర్మన్ గారి వైపు తిప్పింది, ఆయన కళ్ళజోడు ఎత్తి చదివి బావుంది బావుంది అన్నారు. నిపుణురాలు నా వైపు వంగింది. "ఇందాక ఒకరు చెప్పింది విని నాకొక ప్రశ్న వచ్చిందండి. మీరు చీఫ్ వార్డెన్ అయ్యారనుకోండి. మీ కింద పనిచేసే వార్డెన్ ఒకావిడ గది తెరవకుండా టిక్కు పెట్టిందని తెలిసింది. ఏం చేస్తారు?"

"ఉద్యోగంలోంచి తీసేస్తానండి" అన్నాను. అంత త్వరగా వస్తుందనుకోలేదు ఆ మాట.

"కొంచెం కఠినం కాదా? మనుషులన్నాక పొరపాటు చేస్తారు. ఇందాకటి అబ్బాయి చూడండి, ఎంత బాగా ఒప్పుకున్నాడో."

"ఆ పొరపాటు ఆయనది కాదండి. నాది."

పెద్దమేడమ్ చెయ్యి ఫైలు మీద ఆగిపోయింది. నేను కథ చెప్పలేదు. గాలి లేదు, పాదాలు లేవు, ఆ పిల్ల అన్న మాట అసలే లేదు. మార్చి పద్నాలుగు, శుక్రవారం అన్నాను. రెండో అంతస్తు, రెండువందల పదిహేడో గది. తెరవలేదు. తెరిచానని రిపోర్టు రాశాను. రాసుకోండి అన్నాను.

ఎవరూ రాసుకోలేదు. చైర్మన్ గారు చేతిలోని పెన్ను వైపు చూసుకుని దానికి మూత పెట్టారు. పెద్దమేడమ్ నవ్వడానికి ప్రయత్నిస్తూ, "ఆవిడ కొంచెం ఒత్తిడిలో ఉంది సార్, ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుందేమోనని బెంగ. మా అందరిలోకీ మంచి వార్డెన్" అంది. అని నా వైపు చూసింది, ఊరుకో అన్నట్టు, ఊరుకుంటే అంతా సర్దేస్తానన్నట్టు. సర్దేస్తుంది కూడా. ఇదివరకు సర్దింది. నోరు మూసుకుంటే చాలు, కుర్చీ నాదే, రెండు గదులూ నావే, వచ్చే నెల దాటాక కూడా మా పిల్ల అదే గుమ్మంలోంచి బడికి వెళ్తుంది. చైర్మన్ గారికి ప్రాణం కుదుటపడింది. "సరేనమ్మా, అది మేము విననట్టే అనుకుందాం. తర్వాతి ప్రశ్న. రాబోయే అయిదేళ్ళలో మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటున్నారు?"

"మార్చి పద్నాలుగు" అన్నాను మళ్ళీ, ఈసారి నెమ్మదిగా, వాళ్ళు రాసుకోవడానికి వీలుగా.